రాగిరేకు, మందార పూలు, ఒక అట్ట ముక్క: ఇంట్లో సోలార్ సెల్ చేసిన నా అనుభవం

మొదటిసారి ఉప్పునీళ్ల సీసాలో రెండు రాగిరేకులు దించి, కరెంటు, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తగిలించినప్పుడు 14 మైక్రోఆంపియర్లు (ఆంపియర్‌లో పది లక్షల వంతు ఒక మైక్రోఆంపియర్) చూపించింది. సీసా ఎండలోనే ఉంది కాబట్టి అదంతా ఎండ వల్ల వచ్చిన కరెంటే అనుకున్నాను. ఆ సంతోషంలో ఫోటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపేశాను కూడా. మా తమ్ముడు వచ్చి చూసి, పక్కనే పడున్న అట్ట ముక్క తీసి సీసాకి ఎండ తగలకుండా అడ్డం పెట్టాడు. "అక్కా, నీడలో కూడా అంతే చూపిస్తోందే?" అన్నాడు. నిజమే, 14 కాస్తా 13 అయింది, అంతకుమించి కదల్లేదు.

అంటే నేను చేసింది సోలార్ సెల్ కాదు, బ్యాటరీ. ఉప్పునీళ్లలో ఒకవైపు శుభ్రమైన రాగి, ఇంకోవైపు కాల్చిన రాగి ఉంటే, రెండూ ఒకటే లోహం అయినా పైనున్న పొరలు వేరు కాబట్టి వాటి మధ్య కొంచెం వోల్టేజీ ఎలాగూ పుడుతుంది, చీకటి గదిలో పెట్టినా పుడుతుంది. నిమ్మకాయకి ఇనుప మేకు, రాగి తీగ గుచ్చితే కరెంటు వస్తుంది చూడండి, ఇదీ ఆ జాతిదే. వీడియోల్లో చూపించే ఇంటి సోలార్ సెల్‌లు చాలావాటికి ఈ అట్ట ముక్క పరీక్ష ఎవరూ పెట్టరు. మీటర్ మీద అంకె చూపిస్తారు, వెనకాల ఎండ కనిపిస్తూ ఉంటుంది, చూసేవాళ్లు ఆ రెంటినీ కలిపేసుకుంటారు. ఆ రోజు నుంచి నేను ప్రతి కొలతా మూడుసార్లు రాసుకున్నాను. నీడలో ఒకటి, ఎండలో ఒకటి, మళ్లీ నీడలో ఒకటి. ఆ అట్ట ముక్క తర్వాత రెండు నెలలు నా బల్ల మీదే ఉంది.

ఇక అసలు పని ఎలా చేశానో చెప్తాను. రాగిరేకు కత్తెరతో కోయగలిగేంత పలచగా ఉంటే చాలు, అర మిల్లీమీటరు లోపు అయితే హాయి. ఇత్తడి వద్దు, జింకు పూత ఉన్న రేకు అసలే వద్దు, వేడికి జింకు పొగ వస్తుంది, అది పీల్చకూడదు. అరచేతి కంటే కొంచెం పెద్దవిగా రెండు ముక్కలు కోశాను. కాల్చబోయే ముక్కని సబ్బుతో కడిగి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ కడిగి ఆరబెట్టాను. ఇక్కడ వేళ్ల జిడ్డుతో చాలా జాగ్రత్తగా ఉండాలి. కాల్చినప్పుడు రాగి ఆక్సిజన్‌తో కలిసి పైన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, వేలు తగిలిన చోట అది సరిగా పట్టదు, కాల్చాక ఆ వేలిముద్ర గీతలతో సహా రేకు మీద కనిపిస్తుంది. నా మొదటి రేకు మీద బొటనవేలు అచ్చు స్పష్టంగా పడింది.

ఆ మొదటి రేకుని గ్యాస్ మంట మీద కాల్చాను, పని చెడింది అక్కడే. మంట తగిలిన చోట ఒక రంగు, తగలని చోట ఇంకో రంగు, మధ్యలో మసి. వేడి అంతటా సమానంగా అందకపోతే ఆక్సైడ్ పొర అతుకులు అతుకులుగా వస్తుంది. రెండోసారి కాయిల్ ఉన్న ఎలక్ట్రిక్ స్టవ్ తెచ్చాను, వెయ్యి వాట్లు దాటినది, రేకుని నేరుగా కాయిల్ మీద పెట్టి ఫుల్‌లో తిప్పి, కిటికీలు తెరిచి, దగ్గరే కూర్చున్నాను. వంటకి వాడే స్టవ్ అయితే ఈ పని తర్వాత బాగా తుడవాలి, నేనైతే దీనికోసం పాత స్టవ్ వేరుగా పెట్టుకున్నాను.

మొదటి కొన్ని నిమిషాలు కళ్లు తిప్పుకోకుండా చూడాల్సిందే. నారింజ రంగు ఒక అంచున మొదలై మెల్లగా పాకుతుంది, దాని వెనకే గులాబీ, ఊదా, ఒక్కోచోట నీలం కూడా. నీళ్ల మీద నూనె చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగుల్లాంటివే ఇవీ, పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతూ పోతుంది. కాసేపటికి అన్నీ కలిసి నల్లబడిపోతాయి. ఈ నలుపు క్యూప్రిక్ ఆక్సైడ్. మనకి కావలసింది ఇది కాదు, దీని కింద రాగిని అంటిపెట్టుకుని ఉండే ఎర్ర పొర, క్యూప్రస్ ఆక్సైడ్. రేకు నల్లబడింది కదా అని ఆపేస్తే నల్ల పొర పలచగా ఉండిపోయి గట్టిగా పట్టేస్తుంది, కింద ఉన్న ఎరుపు మనకి అందదు. అందుకని నల్లబడ్డాక కూడా ఇంకో అరగంట అలాగే ఉంచాలి. ఆ నల్ల పొర బాగా మందమెక్కితేనే తర్వాత దానంతట అది వదులుతుంది.

తర్వాత స్టవ్ కట్టేసి రేకుని కదపకుండా అక్కడే వదిలేశాను. చల్లారేటప్పుడు రాగి ఎక్కువ ముడుచుకుంటుంది, ఆక్సైడ్ అంత ముడుచుకోదు, ఆ లాగులాటలో నల్ల పొర పగిలి పైకి లేస్తుంది. ఐదారు నిమిషాలకి టిక్ టిక్ మని సన్నటి చప్పుడు మొదలైంది. నల్లటి పెచ్చులు ఒక్కొక్కటే లేస్తున్నాయి, కొన్ని అంగుళం ఎత్తుకి ఎగిరి పడుతున్నాయి. అందుకే ముఖం దగ్గర పెట్టి చూడొద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇరవై నిమిషాలకి రేకు చేత్తో పట్టుకునేంత చల్లబడింది. కుళాయి కింద పెట్టి వేలితో మెల్లగా తుడిస్తే నలుపు చాలావరకు జారిపోయి, కింద కాల్చిన ఇటుక రంగు బయటపడింది. అక్కడక్కడా మిగిలిన నలుపు మచ్చల్ని గోకి తీసేయాలని చెయ్యి లాగుతుంది, గోకకూడదు, రేకుని వంచకూడదు కూడా. ఆ ఎర్ర పొరే మన సెల్, అది పోతే మళ్లీ మొదటికి రావాలి.

వెడల్పాటి ప్లాస్టిక్ సీసా పైభాగం కోసేసి, ఎర్ర రేకు ఒకవైపు, శుభ్రమైన రాగి ఇంకోవైపు, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి అంచులకి క్లిప్పులు పెట్టాను. ఎర్ర పొర ఎండవైపు తిరిగి ఉండాలి. వేడినీళ్లలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, చల్లార్చి పోశాను, రేకులు పైన ఒక అంగుళం నీళ్ల బయట ఉండేలా. ఈ అంగుళం ఎందుకంటే, క్లిప్పుకి ఉప్పునీళ్లు తగిలితే అదొక మూడో లోహం అయి కూర్చుంటుంది, ఇంకో బ్యాటరీ మొదలవుతుంది, మీటర్ అంకె పెరుగుతుంది, మనం మళ్లీ ఎండ అనుకుంటాం. నా మొదటి సీసాలో ఇదీ జరిగింది.

ఈసారి నీడలో 5 మైక్రోఆంపియర్లు. ఎండలో పెట్టగానే 31. అట్ట అడ్డం పెట్టాను, 6. తీశాను, 31. అలా ఎన్నిసార్లు చేశానో నాకే లెక్క లేదు. 31లో ఎండ వాటా 26, మిగతా 5 బ్యాటరీది.

కానీ ఒక అనుమానం మిగిలింది. ఎండ అంటే వెలుగు ఒక్కటే కాదు కదా, వేడి కూడా. నీళ్లు వేడెక్కితే బ్యాటరీ కూడా చురుగ్గా పనిచేస్తుంది, మరి ఈ 26 వేడి వల్ల వచ్చిందేమో? దీనికి జవాబు మీటర్ వేగంలోనే ఉంది. అట్ట పెట్టిన సెకనులోపే అంకె పడిపోయింది, సీసాడు నీళ్లు సెకనులో చల్లారవు. అయినా నమ్మకం కుదరక రాత్రి లైట్లన్నీ ఆపేసి, ఎర్ర ఎల్ఈడీ టార్చి ఒకటి, నీలం ఎల్ఈడీ టార్చి ఒకటి తెచ్చి ఒకే దూరం నుంచి వేసి చూశాను. ఎరుపు వేస్తే మీటర్ ఉలకలేదు పలకలేదు. నీలం వేయగానే 5 నుంచి 9కి వెళ్లింది, తీసేస్తే 5కి దిగింది.

నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చిన క్షణం అదే. క్యూప్రస్ ఆక్సైడ్ ఒక సెమీకండక్టర్, అంటే లోహమంత సులభంగా కాకపోయినా కొంత కరెంటుని పోనిచ్చే పదార్థం. అందులో ఎలక్ట్రాన్‌ని కట్టు తెంచి బయటికి తేవాలంటే సుమారు 2.1 ఎలక్ట్రాన్‌వోల్టుల (ఎలక్ట్రాన్ల లెక్కలో వాడే శక్తి కొలత) శక్తి కావాలి. అంత శక్తి ఉన్న వెలుగు అంటే దాదాపు 590 నానోమీటర్ల (మీటరులో వంద కోట్ల వంతు ఒక నానోమీటరు) కంటే పొట్టి తరంగాలు, అంటే పసుపు దగ్గర నుంచి నీలం, ఊదా వైపు. ఎరుపుకి అంత శక్తి లేదు, పొర దాన్ని వాడుకోలేదు, వెనక్కి వదిలేస్తుంది. రేకు మన కంటికి ఎర్రగా కనిపించేది కూడా అందుకే. నేను రోజూ చూస్తున్న ఆ ఇటుక రంగు, సెల్ వాడుకోలేక పారేస్తున్న వెలుగన్నమాట. మామూలు సోలార్ ప్యానెళ్లలో వాడే సిలికాన్‌కి 1.1 ఎలక్ట్రాన్‌వోల్టులు చాలు, అందుకే అది ఎరుపునీ, కంటికి కనిపించని పరారుణాన్నీ కూడా కొంతవరకు వాడుకుంటుంది, చూడటానికి ముదురుగా ఉంటుంది.

1839లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్ చేసిన ప్రయోగం కూడా దాదాపు ఇలాంటిదే. ద్రావణంలో రెండు లోహపు రేకులు, మధ్యలో పడే వెలుగు, ఒక మీటర్. అప్పటికి అతనికి 19 ఏళ్లు. వెలుగు వల్ల కరెంటు పుడుతుందని అప్పుడే మొదటిసారి తెలిసింది. ద్రావణం లేకుండా ఘన పదార్థంతో పనిచేసే సెల్ కోసం 1883 దాకా ఆగాల్సి వచ్చింది. చార్లెస్ ఫ్రిట్స్ అనే అమెరికన్ సెలీనియం మీద పలచటి బంగారం పొర వేసి చేశాడు, దాని సామర్థ్యం, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారే వాటా, ఒక శాతం దగ్గర. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో సిలికాన్ సెల్ 6 శాతానికి వచ్చాకే ఇది పనికొచ్చే వస్తువు అయింది.

మరి నాది ఎంత శాతం? ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తీగలు విడిగా ఉన్నప్పటి వోల్టేజీనీ, వాటిని నేరుగా కలిపి షార్ట్ చేసినప్పటి కరెంటునీ గుణించి అదే పవర్ అనుకోవడం. ఆ రెండూ ఒకేసారి రావు. మధ్యలో రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న భాగం, ఆ అడ్డుని ఓముల్లో కొలుస్తారు) పెట్టి, దాని మీద వోల్టేజీ కొలిచి లెక్కకట్టాలి, రెసిస్టర్ మారుస్తూ ఎక్కడ ఎక్కువ వస్తుందో చూడాలి. నాకు 4.7 కిలోఓముల దగ్గర ఎక్కువ వచ్చింది, 0.08 వోల్టులు. అంటే 17 మైక్రోఆంపియర్లు, రెండూ గుణిస్తే సుమారు 1.4 మైక్రోవాట్లు. అందులో బ్యాటరీ వాటా కూడా కలిసే ఉంది, దాన్ని తీసేయకుండానే లెక్క వేస్తున్నాను. రేకు మీద ఎండ పడే జాగా 60 చదరపు సెంటీమీటర్లు. మంచి ఎండ చదరపు మీటరుకి వెయ్యి వాట్లు ఇస్తుంది కాబట్టి దాని మీద పడేది 6 వాట్లు. వచ్చిన 6 వాట్లలో నలభై లక్షల వంతులో ఒక వంతు కూడా బయటికి రాలేదు. ఫోన్‌కి 5 వాట్ల చార్జర్ పెడతాం అనుకుంటే, ఆ పని చేయడానికి ఇలాంటి సీసాలు దాదాపు 37 లక్షలు కావాలి. రాగిరేకులతో ఫోన్ చార్జ్ చేసే వీడియో ఏదైనా కనిపిస్తే ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి, పిల్లలకి చూపించేటప్పుడు మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్లు చేసి చూసి రాకపోతే తప్పు తమదే అనుకుంటారు.

పైగా ఆ సీసా ఎక్కువ రోజులు నిలవలేదు. ఉప్పునీళ్లలో ఆ పొర నెమ్మదిగా చెడిపోతుంది, వెలుగు తగులుతూ ఉంటే ఇంకా తొందరగా. నాలుగో రోజుకి ఎండలో 31 బదులు 18 వచ్చింది, నీళ్లకి లేత ఆకుపచ్చ జీర తగిలింది. ఆ నీళ్లలో రాగి కరిగి ఉంటుంది, మొక్కలకి పోయకూడదు, ఆ పాత్రలు మళ్లీ వంటకి వాడకూడదు.

రెండో రకం సెల్ గురించి అంతకుముందే చదివాను కానీ ఇంట్లో అయ్యే పని కాదేమోనని వెనకాడాను. 1991లో మైకేల్ గ్రాట్జెల్, బ్రయన్ ఓరీగన్ స్విట్జర్లాండ్‌లో తయారుచేసిన రంగు సెల్ అది, అప్పుడే వాళ్లకి 7 శాతం పైన వచ్చింది. వాళ్లు వాడిన రంగు రుథీనియం అనే అరుదైన లోహంతో చేసింది. కానీ అదే పనిని పూలల్లో, పళ్లల్లో ఉండే ఎర్ర రంగు కూడా కొంతవరకు చేస్తుంది. వెలుగుని పట్టేది రంగు. ఆ వెలుగుతో లేచిన ఎలక్ట్రాన్‌ని అది పక్కనే ఉన్న టైటానియం డయాక్సైడ్ రేణువుకి అందిస్తుంది. అది గాజు గుండా, తీగ గుండా, మీటర్ గుండా తిరిగి అవతలి గాజుకి చేరుతుంది. అక్కడ నుంచి అయోడిన్ ద్రావణం దాన్ని మోసుకొచ్చి మళ్లీ రంగుకి ఇచ్చేస్తుంది. వెలుగు పట్టే పని ఒకరిది, ఎలక్ట్రాన్ మోసే పని ఇంకొకరిది, ఈ పంపకం నాకు చాలా అందంగా అనిపించింది.

ఇందులో ఇంట్లో దొరకని వస్తువు ఒక్కటే, కరెంటు ప్రవహించే గాజు పలక. మామూలు గాజుని బాగా వేడి చేసి తగరపు క్లోరైడ్ చల్లి చేసేవాళ్లు ఉన్నారు, కానీ ఆ పొగలో ఆమ్లం ఉంటుంది, ఇంట్లో చేయదగ్గ పని కాదు, కొనుక్కోవడమే మంచిది. కొనేటప్పుడు ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత ఉన్నది తీసుకోండి. ఇండియం పూత ఉన్న గాజు ఎక్కువ వేడికి తన గుణం పోగొట్టుకుంటుంది. పూత ఏ వైపు ఉందో కంటికి తెలీదు, మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి రెండువైపులా తాకించాలి, నాకు ఒకవైపు 20 ఓముల దగ్గర చూపించింది, రెండోవైపు ఏమీ లేదు.

టైటానియం డయాక్సైడ్ అంటే తెల్ల పెయింట్లలో, సన్‌స్క్రీన్లలో వాడే తెల్ల పొడే. ముందు పెయింటు రకం పొడితో చేశాను, కరెంటు పావు మిల్లీఆంపియర్ కూడా రాలేదు. తర్వాత 25 నానోమీటర్ల రేణువులున్న సన్న రకం తెప్పించాను. తేడా అంతా రేణువు సైజులోనే ఉంది. రేణువులు ఎంత సన్నగా ఉంటే రంగు అంటుకోవడానికి అంత ఎక్కువ జాగా. నున్నటి పలకతో పోలిస్తే ఈ పొరలో లోపల దాగున్న జాగా వందల రెట్లు ఉంటుంది. పొడి చాలా తేలిక, గాలిలోకి లేస్తుంది, మాస్కు పెట్టుకోకుండా డబ్బా మూత తీయొద్దు.

పొడిని చిన్న కల్వంలో వేసి, చుక్క చుక్కగా వెనిగర్ పోస్తూ ఇరవై నిమిషాలు నూరాను. ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. మెత్తటి పెయింట్‌లా వచ్చాక ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నురగ పోయేదాకా పక్కన పెట్టాను. గాజు అంచుల మీద సెల్లోటేప్ అంటించి, మధ్యలో ఆ ముద్ద వేసి గాజు కడ్డీతో ఒక్క లాగు లాగాలి. టేపు మందమే పొర మందం. రెండోసారి లాగితే గీతలు పడతాయి, అలాంటప్పుడు తుడిచేసి మళ్లీ వేయడమే నయం, ఎనిమిది గాజులు వేస్తే నాకు ఐదు కుదిరాయి. ఆరాక టేపు తీసేసి అదే ఎలక్ట్రిక్ స్టవ్ మీద, 450 డిగ్రీల చుట్టుపక్కల అరగంట. మధ్యలో పొర గోధుమ రంగుకి తిరుగుతుంది, కంగారు పడొద్దు, సబ్బు కాలుతోంది, అది కాలిపోయాక మళ్లీ తెల్లబడుతుంది. చల్లారడం కూడా స్టవ్ మీదే. తొందరపడి ఒక గాజుని పట్టుకారుతో తీసి రాతి గట్టు మీద పెట్టాను, ఠప్ మని రెండు ముక్కలైంది.

ఐదులో ఒకటి అలా పోయింది. మిగిలిన నాలుగింటి మీద రంగులు ప్రయత్నించాను. బీట్‌రూట్ రసం చూడటానికి ఎంత ఎర్రగా ఉన్నా అందులోది వేరే జాతి రంగు, నాకు పెద్దగా పట్టలేదు, కడిగితే పొర మళ్లీ పాలిపోయింది. ఎర్ర మందార రేకులు, దానిమ్మ గింజల రసం బాగా పట్టాయి. వీటిలో ఉండేవి ఆంథోసయనిన్‌లు అనే రంగు పదార్థాలు, వాటిలో కొన్నిటికి పక్కపక్కనే ఉండే రెండు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) చేతులు టైటానియంని గట్టిగా పట్టుకుంటాయి. మందార రేకుల్ని కొద్దిగా నీళ్లతో నలిపి వడగట్టి, అందులో ఒక గాజు పెట్టి పావుగంట చూస్తూ కూర్చున్నాను. తెల్లటి చదరం అంచుల నుంచి లేత వంగపండు రంగుకి తిరిగి, తర్వాత ముదురు ఊదా అయింది. రసం ఎరుపు, పొర ఊదా. రంగు అణువు టైటానియంకి అతుక్కున్నప్పుడు రంగే మారుతుంది. వెలుగు సంగతి తర్వాత, అది అతుక్కుంది అనడానికి అక్కడే సాక్ష్యం దొరికింది. బీట్‌రూట్ గాజుని కూడా కడిగి ఆరబెట్టి మందార రసంలోనే వేశాను.

రెండో గాజు మీద, పూత ఉన్న వైపు, మెత్తటి పెన్సిల్‌తో నల్లగా రుద్దాను. రెండు గాజుల్నీ కొంచెం అటూ ఇటూ జరిపి, తీగలు తగిలించడానికి అంచులు మిగిలేలా, ఎదురెదురుగా పెట్టి, పక్కల బైండర్ క్లిప్పులు పెట్టాను. తర్వాత గాజుల సందు దగ్గర, గాయాలకి పూసే టించర్ అయోడిన్ ఒక్క చుక్క. అందులో అయోడిన్‌తో పాటు అయోడైడ్ కూడా ఉంటుంది, రెండూ ఉంటేనే పనవుతుంది. చుక్క సందులోకి పాకి మొత్తం పరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. అంచుల మీద మిగిలింది తుడిచేయాలి.

ఎండలో 0.42 వోల్టులు, షార్ట్ చేస్తే 0.9 మిల్లీఆంపియర్లు. ఊపిరి బిగబట్టి అట్ట అడ్డం పెట్టాను. కరెంటు 0.00. తమ్ముణ్ణి పిలిచి చూపించాను. ఈసారి వాడే అట్ట పట్టుకుని పెడుతూ తీస్తూ పది నిమిషాలు కూర్చున్నాడు. రాగి సీసాలో ఎప్పుడూ మిగిలే ఆ 5 ఇక్కడ లేదు. ఇక్కడ వచ్చేదంతా వెలుగుదే.

330 ఓముల రెసిస్టర్ పెట్టి కొలిస్తే 0.21 వోల్టులు, అంటే దాదాపు 0.13 మిల్లీవాట్లు. పొర రెండు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదరం, దాని మీద పడే ఎండ 0.4 వాట్లు, సామర్థ్యం 0.033 శాతం. చిన్నదే. కానీ ఫోన్ లెక్కలో 37 లక్షల సీసాలు కాస్తా 37 వేల గాజు ముక్కలకి దిగాయి, అదీ సైజు పదిహేనో వంతు. 20 శాతం సామర్థ్యం ఉన్న సిలికాన్ ముక్కలు ఇదే సైజులో అయితే 63 చాలు. నిజంగా వాడుకోవడానికి కరెంటు కావాలనుకునేవాళ్లు విడి సిలికాన్ సెల్‌లు కొని టంకం పెట్టి ప్యానెల్ కట్టుకోవడమే దారి, ఒక్కొక్కటి అర వోల్టు ఇస్తుంది, 12 వోల్టుల బ్యాటరీకి 36 వరుసగా కలుపుతారు. సిలికాన్‌ని మాత్రం ఇంట్లో చేయలేం, అది 1414 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి కావలసిన శుద్ధి ఇంటి పనిముట్లకి అందేది కాదు.

నాలుగు సెల్‌లూ తయారయ్యాక వాటిని వరుసగా కలిపితే 1.6 వోల్టులు వచ్చాయి. ఒక చిన్న కాలిక్యులేటర్‌లోంచి బటన్ సెల్ తీసేసి, ఆ చోట రెండు తీగలు పెట్టాను. ఇలాంటి కాలిక్యులేటర్‌కి కొన్ని మైక్రోఆంపియర్లు చాలు, రాగి సీసాలు పది పెట్టినా అవ్వచ్చేమో, కానీ నాకు అట్ట అడ్డం పెడితే ఆరిపోయేదే కావాలి. ఎండలోకి తిప్పాను. తెర మీద సున్నా వచ్చింది. 12 ఇంటూ 12 కొట్టాను, 144. నాలుగింటిలో ఒక్క గాజుని అరచేత్తో మూశాను, అంకెలు పలచబడి మాయమయ్యాయి, చెయ్యి తీస్తే సున్నా మళ్లీ వచ్చింది. వరుసలో కలిపిన సెల్‌లలో ఒకటి నీడలో ఉన్నా మొత్తం ఆగిపోతుందని ఇంటి పైకప్పు ప్యానెళ్ల గురించి చెప్తుంటే విన్నాను, అది నా చేతి కింద జరగడం వేరు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. స్టవ్, గాజు వీటి జోలికి పోకముందు ఒక ఎర్ర ఎల్ఈడీ తీసుకుని దాని రెండు కాళ్లూ మల్టీమీటర్‌కి తగిలించి ఎండలో పెట్టండి. వోల్టు పైనే చూపిస్తుంది, అట్ట పెడితే పడిపోతుంది. వెలుగు ఇచ్చే వస్తువే వెలుగు పడితే కరెంటు పుట్టిస్తుంది. మీ మీటర్ సరిగా ఉందో లేదో దాంతోనే తెలిసిపోతుంది, అట్ట పెట్టి తీయడం కూడా చేతికి అలవాటవుతుంది.

ఇప్పుడు నా తంటా అంతా సెల్‌లోని ద్రావణం ఆరిపోవడంతోనే. టించర్‌లో ఆల్కహాల్ ఉంటుంది, గంటా రెండు గంటల్లో ఎగిరిపోతుంది, సెల్ చచ్చినట్టు పడుంటుంది, ఇంకో చుక్క వేస్తే లేస్తుంది. అందుకని పొటాషియం అయోడైడ్, అయోడిన్ రెంటినీ ఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపి వాడుతున్నాను, అది అంత త్వరగా ఆరదు. అది విషం, సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టాను. అంచులకి వేడితో కరిగించి పూసే జిగురు పెట్టిన మొదటి సెల్ రెండు రోజులకే కారిపోయింది, జిగురు గోధుమ రంగుకి తిరిగింది, అయోడిన్ దాన్ని తినేస్తున్నట్టుంది. రెండోది ప్లాస్టిక్ పొర మధ్యలో పెట్టి ఇస్త్రీపెట్టె అంచుతో వేడి చేసి అతికించాను. దానికి నిన్నటితో పదకొండు రోజులు. మధ్యాహ్నం ఎండలో 0.36 వోల్టులు, 0.5 మిల్లీఆంపియర్లు. అట్ట పెడితే సున్నా.